గుంజీలు సగంలోనే ఆపేస్తే ఎలా?

వినాయక చవితి నాడు పూజ అయ్యాక ఇంటిల్లిపాదీ వరసగా నిలబడి గుంజీలు తీస్తారు కదా, ఈసారి కాస్త గమనించండి. పదేళ్ల లోపు పిల్లలు చెవులు పట్టుకుని పిర్రలు మడమలకు తగిలేదాకా కూర్చుని స్ప్రింగులా లేస్తారు. కాలేజీ పిల్లలు ముప్పాతిక దాకా పోతారు. ఇక మనం, అంటే ముప్పై అయిదూ నలభై దాటినవాళ్లం, మోకాళ్లు నాలుగంగుళాలు వంచి, ఓ నవ్వు నవ్వి, "స్వామీ, ఈసారికి సరిపెట్టుకో" అనేస్తాం. స్వామి సరిపెట్టుకుంటాడేమో గానీ మన తొడ కండ సరిపెట్టుకోదు. వంచిన ఆ నాలుగంగుళాల్లోనే బలం మిగులుతుంది, వంచని మిగతా మేరంతా మెల్లగా మన చెయ్యి దాటిపోతుంది.

కిందికి వంగి లేచే పనులు మన ఇళ్లలోంచి ఎలా వెళ్లిపోయాయో ఒకసారి లెక్కేసుకోండి. రోలు పోయి మిక్సీ వచ్చింది. పొయ్యి గట్టెక్కింది. కత్తిపీట అటకెక్కింది. పంక్తి భోజనాలు బల్లల మీదికొచ్చాయి. మా బత్తలపల్లి లాంటి చోట కూడా పెళ్లంటే ఒకప్పుడు చాపలూ జంఖానాలూ. ఇప్పుడు కల్యాణ మండపంలో పీటల మీద కూర్చున్నవాళ్లు తప్ప కింద కూర్చునేవాళ్లే కనబడరు. ఆ పీటల మీది అమ్మానాన్నల్ని లేపడానికి మళ్లీ ఇద్దరు బంధువులు కావాలి. ఇవేవీ పోకూడదని నేననను. పొగ మింగుతూ కట్టెల పొయ్యి ముందు కూర్చున్న మా జేజి మోకాళ్లు గట్టివని చెప్పి, ఆ రోజులే మళ్లీ రావాలని కోరుకునేంత వెర్రిదాన్ని కాను. పని తప్పింది, సంతోషం. పనితోపాటు పోయిన బలాన్ని మాత్రం వేరే దారిన తెచ్చుకోవాలి కదా!

దీనికి తోడు మోకాలి నొప్పి. నొప్పంటూ డాక్టరు దగ్గరికి పోతే "కొన్నాళ్లు కింద కూర్చోవద్దమ్మా" అంటారు. ఆ 'కొన్నాళ్లు' అన్న మాట మన చెవిన పడదు. కాశీకి పోయినవాళ్లు కాయో పండో వదిలేసి వచ్చినట్టు, మనం నొప్పి పేరు చెప్పి నేలనే వదిలేస్తాం. నొప్పి తగ్గాక కూడా మళ్లీ నేల మొహం చూడం. అయిదేళ్లు పోయాక బాత్రూములో జారి కూలబడితే లేపడానికి ఇంకొకరి కోసం కేకలెయ్యాల్సిన పరిస్థితి. ఎముక విరగడం ఒక బాధైతే, విరక్కపోయినా లేవలేకపోవడం ఇంకో బాధ. ఇంట్లో ఎవరూ లేని పగటిపూట అది ఎంత భయమో పెద్దవాళ్లున్న ఇళ్లకు తెలుసు.

బ్రెజిల్‌లో డాక్టర్లు ఒక చిన్న పరీక్ష పెట్టారు. నేల మీద కూర్చుని లేవడం, అంతే. కూర్చోవడానికి అయిదు మార్కులు, లేవడానికి అయిదు. చెయ్యో మోకాలో ఆనించిన ప్రతిసారీ ఒక మార్కు కోత. 51 నుంచి 80 ఏళ్ల మధ్య వయసున్న 2,002 మందికి ఈ పరీక్ష పెట్టి, తరవాత సుమారు ఆరేళ్లు వాళ్ల బాగోగులు గమనించారు. 2012లో వచ్చిన ఆ ఫలితాల్లో, మార్కులు తక్కువ వచ్చినవాళ్లలోనే మరణాలు ఎక్కువ కనబడ్డాయి. నేల మీద కూర్చోనంత మాత్రాన ప్రాణం పోతుందని దీని అర్థం కాదు. లేవగలిగే శక్తి ఒంట్లో మిగతా బలాలన్నిటికీ గుర్తు లాంటిదని మాత్రం తెలుస్తోంది.

ఇంతకీ సగం వంగితే ఏమైంది, పూర్తిగా వంగితే ఏమొచ్చింది? ఇది తెలియాలంటే కండ లోపల ఏముందో కాస్త చూడాలి. కండ అంటే మాంసం ముద్ద కాదు, సన్నటి పోగుల కట్ట. ధర్మవరం మాకు పక్కనే కాబట్టి పట్టు చిలప అనుకుంటాను నేను. ఒక్కో పోగులో యాక్టిన్, మయోసిన్ అనే రెండు రకాల తంతువులు ఒకదాని సందుల్లోకి ఒకటి జొరబడుతూ కండని లాగుతాయి. మీ రెండు చేతుల వేళ్లూ ఎదురెదురుగా పెట్టి సందుల్లోకి దూర్చి చూడండి. సగం దాకా దూర్చినప్పుడు పట్టు బాగా ఉంటుంది. పూర్తిగా దూర్చేస్తే ఇంక జరగడానికి చోటుండదు. కొసలు మాత్రమే తగిలేలా బయటికి లాగితే పట్టు జారిపోతుంది. కండ బాగా సాగినప్పుడు జరిగేది ఈ చివరిదే. అందుకే పూర్తిగా కింద కూర్చున్నప్పుడు, తొడ ముందు కండా పిర్ర కండా సాగి ఉన్నప్పుడు, లేవడం అంత కష్టం. అయితే అక్కడ ఇంకో సంగతి ఉంది. టైటిన్ అని రబ్బరు లాంటి మాంసకృత్తు ఒకటి ఆ పోగుల్లో ఉంటుంది. కండ సాగే కొద్దీ అది బిగుస్తుంది. బరువు లాగుడూ ఈ బిగుతూ కలిసి పోగు మీద పడతాయి. కండ పెరగడానికి ఒంటికి అందే కబుర్లలో ఈ లాగుడే ముఖ్యమైనదని శాస్త్రజ్ఞులంటున్నారు. ఎక్కడ కష్టంగా ఉందని మనం ఆగిపోతున్నామో, లాభం దండిగా ఉన్నది అక్కడే అన్నమాట.

మాటలు కాదు, కొలతలూ ఉన్నాయి. అందులోనూ ఆడవాళ్ల మీద కొలిచినవి. బ్రెజిల్‌లోనే 42 మంది యువతుల చేత ఎనిమిది వారాల పాటు పిక్కల వ్యాయామం చేయించి, 2023లో ఆ వివరాలు ప్రచురించారు. కొందరు మడమ కిందికి దిగి పిక్క బాగా సాగి ఉన్న సగంలోనే చేశారు, కొందరు మడమ పైకెత్తిన పై సగంలోనే చేశారు, మిగతావాళ్లు మొత్తం చేశారు. పిక్కలో లోపలివైపు కండ సాగిన సగం వాళ్లకి 15.2 శాతం పెరిగింది. మొత్తం చేసినవాళ్లకి 6.7. పై సగంలోనే చేసినవాళ్లకి 3.4. అందరిదీ శ్రమే, ఫలితంలోనే ఇంత తేడా!

ఇంక మన గుంజీల సంగతి. జపాన్‌లో మగవాళ్ల మీద చేసి 2019లో ప్రచురించిన పరీక్షలో, భుజాల మీద బరువుతో కొందరు పూర్తిగా కూర్చుని లేచారు, కొందరు సగమే. పది వారాలకి తొడ ముందు కండ ఇద్దరికీ ఇంచుమించు ఒకేలా పెరిగింది. పిర్ర కండ మాత్రం పూర్తిగా కూర్చున్నవాళ్లకి 6.7 శాతం, సగం వాళ్లకి 2.2. తొడ లోపలివైపు కండలోనూ పూర్తి వాళ్లదే పైచెయ్యి. మెట్లెక్కాలన్నా, నేల మీంచి లేవాలన్నా, అదుపు తప్పినప్పుడు నిలదొక్కుకోవాలన్నా పని చేసేవి ఈ కండలే మరి.

పెరగడం ఒక ఎత్తు, బలం ఇంకో ఎత్తు. 1993లో అమెరికాలో ఇద్దరు పరిశోధకులు ఆడవాళ్ల చేతనే తొడ కండ బిగించే వ్యాయామం చేయించారు. ఒక గుంపుకి మోకాలు దాదాపు చాచి, ఒక గుంపుకి మధ్యస్తంగా వంచి, ఒక గుంపుకి బాగా వంచి. చాచి చేసినవాళ్లకి బలం ఆ కోణంలోనూ దాని చుట్టుపక్కలా మాత్రమే పెరిగింది. బాగా వంచి చేసినవాళ్లకి అన్ని కోణాల్లోనూ పెరిగింది. నాకిది చదివినప్పుడు, మోకాలి కింద తువ్వాలు చుట్ట పెట్టుకుని కాలు చాచి నొక్కే ఆ వ్యాయామం గుర్తొచ్చింది. నొప్పి ఎక్కువగా ఉన్నప్పుడు, ఆపరేషన్ అయిన కొత్తలో, అది మంచి ఆరంభమే. మన ఆడవాళ్లు నాలుగేళ్లయినా ఆ తువ్వాలు దగ్గరే ఉండిపోతున్నారే, అక్కడే నా ఫిర్యాదు. చాచిన కాలికి వచ్చిన బలం పీట మీంచి లేవడానికి ఎంతని అక్కరకొస్తుంది?

అతిగా చెప్పడం కూడా నాకు నచ్చదు కాబట్టి ఇదీ చెప్పాలి. ఇప్పటికే ఏళ్ల తరబడి బరువులెత్తే అలవాటున్నవాళ్ల మీద 2025లో వచ్చిన ఒక పరీక్షలో, ఒంటి పైభాగం కండలకు సాగిన సగంలో చేసినా మొత్తం చేసినా ఫలితం ఇంచుమించు ఒకటేనని తేలింది. కాబట్టి "సాగదీసి చెయ్యండి, మంత్రం వేసినట్టు కండ వస్తుంది" అని ఎవరైనా ఫోనులో వీడియో చూపిస్తే నమ్మి డబ్బులు కట్టకండి. మొత్తం మేర చెయ్యండి, అడుగు భాగాన్ని ఎగ్గొట్టకండి. మనకి ఇంతే చాలు.

ఆడది పూర్తిగా కూర్చుని బరువుతో లేస్తే ఎలా ఉంటుందో చూడాలంటే మన కరణం మల్లీశ్వరినే చూడాలి. శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస దగ్గరి పల్లెటూరి పిల్ల. 1994, 1995లలో ప్రపంచ చాంపియన్. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ల వెయిట్‌లిఫ్టింగ్ తొలిసారి పెట్టిందే 2000 సిడ్నీలో. ఆ సెప్టెంబరు 19న 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, కలిపి 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొట్టమొదటి భారతీయ మహిళ. చేతుల బలమని అందరూ అనుకుంటారు గానీ, స్నాచ్‌లో అసలు ఘట్టం కింద ఉంది. కడ్డీ పైకి లేస్తుండగానే మనిషి దాని కిందికి జారి, పూర్తిగా గొంతుక్కూర్చుని, తల పైన బరువుతో అక్కణ్ణించి లేవాలి. 110 కిలోలు నెత్తిన పెట్టుకుని గుంజీ తియ్యడమన్నమాట! మనకి అన్ని కిలోలు అక్కర్లేదు. కానీ ఆ అడుగు భాగం కావాలి.

ఇదంతా విని, మా వీధిలోంచి కూలికి పోయే ఒకావిడ అడిగింది: "దినామూ వంగే ఉంటాం కదక్కా చెనిక్కాయ చేలల్లో. మరి మాకు బలమెందుకు రాలే, నొప్పులే ఎందుకొచ్చె?" చదువుకున్నవాళ్లెవరూ అడగని ప్రశ్న అడిగింది. వంగినంత మాత్రాన కండ పని చేస్తున్నట్టు కాదు. నడుము పూర్తిగా వంచి వేలాడినప్పుడు వీపు కండలు దాదాపు పని మానేస్తాయనీ, బరువంతా వెన్ను వెనకున్న బంధనాల మీద పడుతుందనీ 1950లలోనే లండన్‌లో ఇద్దరు శాస్త్రజ్ఞులు విద్యుత్ తీగలు పెట్టి కొలిచి చూపించారు. కండ పని మానేసి, కీళ్లూ బంధనాలూ గంటల కొద్దీ సాగుతుంటే వచ్చేది నొప్పి, బలం కాదు. పైగా ఆ బరువు చిన్నది, చేసేది వేల సార్లు, మధ్యలో విశ్రాంతి లేదు, ఇంటికొచ్చాక తిండీ అంతంతే. కండ పెరిగేది పని చేస్తున్నప్పుడు కాదు, తిని పడుకున్నప్పుడు. ఆమెకి నేను గుంజీలు తియ్యమని చెప్పలేదు. చెప్తే అది కడుపు నిండినవాళ్ల మాట అవుతుంది. ఆమెకి కావలసింది పొడుగు పిడి ఉన్న కలుపు పనిముట్టూ, గంటకోసారి నడుమెత్తి నిలబడే వీలూ, ఇంకో పూట పప్పూ. ఈ రాత ఆమె కోసం కాదు. గట్టు మీద వంట చేసుకుని, కుర్చీలో కూర్చుని పేపరు చదివే మన కోసం.

"ఇంటిపనే పెద్ద వ్యాయామం" అని మనకి మనమే సర్టిఫికెట్ ఇచ్చుకుంటాం, మగవాళ్లు దాని మీద సంతకం పెడతారు. ఇంటిపని చాకిరీ. కాళ్లు అరుగుతాయి, ఓపిక అరుగుతుంది. పదేళ్లుగా అదే బిందె, అదే కసువు ఊడ్చడం. కండకి కొత్తగా బరువేమీ తగలడం లేదు కాబట్టి అది పెరగాల్సిన అవసరమే దానికి కనబడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది కూడా అదే. నడకా చాకిరీ ఎన్నయినా ఉండనీ, పెద్ద కండలన్నిటికీ బలం పెంచే పని వారానికి కనీసం రెండు రోజులు విడిగా ఉండాలి.

ఎలా చెయ్యాలో చెప్తాను. జిమ్ అక్కర్లేదు. మా లాంటి ఊళ్లలో ఆడవాళ్లు వెళ్లే జిమ్ ఎక్కడుంది గనక? మంచం అంచున కూర్చుని, చేతులు ఆనించకుండా లేవండి. పది సార్లు సులువుగా వస్తే కుర్చీ, ఆ తరవాత ముక్కాలిపీట, ఆ తరవాత మామూలు పీట, చివరికి పీట లేకుండా. ఇది నెలల మీద జరగాల్సిన పని, వారంలో పీట దాకా పోవాలని పందెం వద్దు. దిగేటప్పుడు మూడు అంకెలు లెక్కపెడుతూ దిగాలి, దభీమని కూలబడకూడదు. అడుగున ఒక్క క్షణం ఆగి, ఊపుతో కాకుండా లేవాలి. ఊపిరి బిగబట్టొద్దు. మడమలు లేచిపోతుంటే వాటి కింద సన్న చెక్క పెట్టుకోండి. తూలుతుంటే కిటికీ కమ్మీ పట్టుకోండి. చీర కుచ్చిళ్లు అడ్డం పడతాయి, చుడీదారో నైటీయో మేలు. ఎనిమిది నుంచి పన్నెండు సార్లు, కాస్త ఆగి ఇంకోసారి, వీలైతే మూడోసారి. ఆఖరి రెండూ కష్టంగా రావాలి. కష్టం కాకపోతే అయిదు లీటర్ల నీళ్ల క్యాను గుండెలకు హత్తుకోండి. లీటరు నీళ్లు కిలో బరువు, తూకం అంగడిలో అడగాల్సిన పనే లేదు.

పిక్కలకైతే మెట్టు అంచు మీద పాదాల ముందు భాగం మాత్రం పెట్టి, గోడ పట్టుకుని, మోకాళ్లు చాచి ఉంచి, మడమలు మెట్టు కంటే కిందికి దించి ఎత్తండి. కూర్చుని మడమలు ఎత్తితే ఈ పెద్ద పిక్క కండకి పెద్దగా లాభం లేదు, మోకాలు వంగగానే అది వదులైపోతుంది. చేతుల వెనక కండకి లీటరు సీసా రెండు చేతులతో పట్టుకుని, తల వెనక్కి మోచేతులు వంచి దించి, పైకెత్తండి. 2022లో జపాన్‌లో దీన్నీ కొలిచారు. చెయ్యి పక్కన పెట్టి చేసినవాళ్లకి కండ 13.9 శాతం పెరిగితే, తల మీదికెత్తి చేసినవాళ్లకి 19.9 పెరిగింది. అటక మీంచి గంగాళం దించేటప్పుడు ఈ కండ విలువ తెలుస్తుంది.

కండలు తిరిగి మగరాయుళ్లలా అయిపోతామని భయం అక్కర్లేదు. మగవాళ్లకి కండ కట్టించే టెస్టోస్టిరాన్ హార్మోను మన ఒంట్లో చాలా తక్కువ. మల్లీశ్వరికి ఆ తొడలు రావడానికి ఏళ్ల తరబడి పొద్దూ సాయంత్రం సాధన పట్టింది. మనం వారానికి రెండు రోజులు ఇరవయ్యేసి నిమిషాలు చేసి అంతదాకా ఎక్కడ పోతాం?

వయసు మీరిందనే వాళ్లకి ఇంకో మాట. 1990లో అమెరికాలోని బోస్టన్‌లో, వృద్ధాశ్రమంలో ఉన్న తొంభై ఏళ్ల సరి వయసు వాళ్లు పది మంది చేత ఎనిమిది వారాలు తొడ కండలకు బరువుతో వ్యాయామం చేయించారు. బలం సగటున 174 శాతం పెరిగింది. ఇంట్లో పెద్దావిడ ఉంటే కుర్చీ మీద రెండు దిండ్లు వేసి ఎత్తు పెంచి, అక్కణ్ణించి చేతులు ఆనించకుండా లేవమనండి. పక్కన మనిషి ఉండాలి. బాగా వస్తే ఒక దిండు తీసేయొచ్చు, ఆవిడ ఒప్పుకుంటేనే.

మోకాలు వాచి ఉన్నా, కీలు మార్పిడి జరిగినా, గర్భసంచి జారినా, ఈమధ్యే ఏ ఆపరేషనైనా అయినా, బీపీ అదుపులో లేకపోయినా ముందు డాక్టర్ని గానీ ఫిజియోథెరపిస్టుని గానీ అడగండి. "చెయ్యొచ్చా?" అని మాత్రమే కాదు, "ఎంతదాకా వంగొచ్చు, ఎప్పటికి పూర్తిగా వంగొచ్చు?" అని అడగండి. మామూలు నొప్పి ఉన్నవాళ్లు నొప్పి తెలియని ఎత్తు దగ్గర మొదలుపెట్టి, మెల్లగా ఎత్తు తగ్గించుకుంటూ పోవాలి. మర్నాడు తొడలు పట్టేసినట్టుంటే అది కండ నొప్పి, రెండు మూడు రోజుల్లో పోతుంది. కీలు లోపల పొడిచినట్టుంటే ఆ ఎత్తు మీకింకా రాలేదని.

ఇక తిండి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్లకి కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలి. 55 కిలోల మనిషికి 45 గ్రాముల పైన. రెండు కోడిగుడ్లలో పన్నెండు గ్రాములుంటాయి, ఓ గుప్పెడు చెనిక్కాయ విత్తనాల్లో ఏడెనిమిది. అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలిన పప్పుతో ముద్ద మింగే అలవాటున్నవాళ్లు ఈ లెక్క ఎన్నటికీ అందుకోలేరు. గుంజీలు మొదలుపెట్టిన రోజు నుంచి మీ వాటా పప్పు ముందే పక్కకి తీసి పెట్టుకోండి.